నడిచే ట్రాలీ మీది తంగేడు సంచి

ఓ నాలుగు రోజులు నన్ను కాశిబుగ్గ దిక్కు రమ్మనకండి. ఆ గల్లీల నేను మొకం చూపెట్టలేను. అంతా ఒక తంగేడుపూల సంచి చేసిన పని!

ఆ గల్లీల సరిత ఉంటది. డిగ్రీ చదువుతది, సాయంత్రం అరుగు మీద పిల్లలకు ట్యూషన్ చెప్తది. నేను టెన్త్ కాడనే ఆగిపోయి, మా సదయ్య బావ ట్రాలీ ఆటోల సామాన్లు ఎక్కిస్త, దించుత. ఆ అరుగు ముందు బండి ఆగిందంటే చాలు, లోకమంతా స్లో మోషన్ల కనపడుతది నాకు. ఒక్కటే బాధ. ఆమె నన్ను "రాజన్నా" అంటది. ఆ "అన్న" ఊడిపోయి ఉత్త "రాజు" మిగలాలె. నా కోరిక అంతే!

మొన్న పిల్లలకు చెప్తుంటే విన్న. "వస్తువు పైకి పోనీ, పక్కకు పోనీ, ఎంత స్పీడుగనన్న పోనీ, భూమి గుంజేది మాత్రం కిందికే." అబ్బ, ఎంత మంచి మాట! రెండు రోజులు అదే తల్చుకుంట తిరిగిన.

బతుకమ్మ పండుగ వచ్చింది. "రాజన్నా, జర తంగేడుపూలు తెచ్చిపెట్టవా?" అని అడిగింది సరిత. మడికొండ అవతల గుట్టలన్నీ తిరిగి సంచి నింపిన. మరి ఉత్తగ చేతికిస్తే ఏం మజా? ట్రాలీ పోతనే ఉండాలె, నేను వెనక హీరో లెక్క నిలబడాలె, సరిగ్గ ఆమె ముందుకు రాంగనే సంచి వదలాలె. భూమి కిందికే గుంజుతదని ఆమెనే చెప్పె. సంచి నిలువుగ ఆమె కాళ్ల కాడ పడ్తది!

"ఆపాల్నారా?" అన్నడు బావ.

"వద్దు బావా, ఇంకింత గట్టిగ పోనీ!"

గేటు కాడ సరిత. సంచి బయటికి పట్టి వదిలిన. అది కిందికి పోతాంది గని, నాతోని ముందుకు సుత వస్తాంది! సరితను దాటింది, గేటును దాటింది, పక్కింటి ముసలి ఎల్లవ్వ పీట మీద పెట్టుకున్న బతుకమ్మ మీద... ధడేల్!

"ఓరి నీ చేతులు పడిపోను! పొద్దటిసంది పేర్చిన రా!"

బావ బండి ఆపి తల పట్టుకున్నడు. ఎల్లవ్వ చీపురు కోసం దేవులాడుతాంది. నేను సరిత దిక్కు చూసిన. "నువ్వే కదా చెప్పినవు, కిందికే గుంజుతదని?"

"గుంజింది కిందికే. బండి స్పీడు సంచికి సుత ఉంటది కదా, అదెక్కడ పోతది? కిందికి పడుతనే ముందుకు పోయింది."

"మరి యాడ వదలాలె?"

"నేను ఇంక దూరం ఉండంగనే."

తెచ్చిన పూలన్నీ ఎల్లవ్వకే అయిపోయినయి. గంటసేపు నేనే కూసుండి బతుకమ్మ పేర్చిన. వరుసకో తిట్టు! "వంకర పోతాంది, సక్కగ పెట్టు!"

మళ్ల మడికొండ. మళ్ల సంచి. ఈసారి గల్లీ అంతా బయటికొచ్చి చూస్తాంది. ఎల్లవ్వ తన బతుకమ్మను ఇంట్లకు మోసుకపోయి తలుపేసుకుంది. సరిత ఇంక పది అడుగులు ఉన్నదనంగ వదిలిన. సంచి గాలిల వంపు తిరిగి, బరాబర్ ఆమె కాళ్ల ముందట కూసున్నది! ఒక్కటే చప్పట్లు!

ట్రాలీ దిగి ఉరికొచ్చి ఆమె ముందు నిలబడ్డ. ఆమె కండ్లు మెరుస్తానయి. గల్లీ అంతా వినంగ నోరు తెరిచింది.

"శభాష్ రాజన్నా! నీ అసొంటి అన్న ఒక్కడుంటే చాలు, ఇగ ల్యాబ్ ఎందుకు!"

నేను అప్పటికి కదలకుండ నిలబడి ఉంటి కదా. నా గుండె ముందుకు పోలేదు. నిలువుగ, ఉన్న కాడనే పడ్డది.