సింహముఖి పాదాల మీద కుంకుమ

2004 వేసవిలో మేమిద్దరం నాటింగ్‌హామ్‌లో మా అబ్బాయి ఇంట్లో ఉన్నాం. వాడు అక్కడ ఆసుపత్రిలో డాక్టరు. డ్యూటీల పట్టీలో ఏ వారం పగలు పడుతుందో, ఏ వారం రాత్రి పడుతుందో వాడికే తెలిసేది కాదు. ఇంట్లో మాకు దొరికే మనిషి కోడలే. ఆ అమ్మాయి మన దగ్గర చరిత్రలో ఎం.ఏ. చేసి, జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పింది. అక్కడికి వెళ్ళాక కొన్నేళ్ళు సూపర్‌మార్కెట్‌లో బిల్లులు కొట్టింది. ఆ ఏడు, రైలెక్కి వెళ్ళాల్సినంత దూరంలో ఉన్న ఒక ఊరి మ్యూజియంలో వాలంటీర్ గైడుగా శిక్షణకు చేరింది. జీతం లేదు.

"మళ్ళీ నలుగురి ముందు నిలబడి మాట్లాడొచ్చు మామయ్యా," అంది. ఆ మాట అన్నప్పుడు ఆమె ముఖం నాకు ఇప్పటికీ గుర్తు.

ఆ మ్యూజియంలో పాత ఈజిప్టు సామగ్రి చాలా ఉంది. శనివారాల్లో రోజంతా తిప్పి చూపిస్తారు. పొద్దున గుళ్ళ గదులు, భోజనాలయ్యాక సమాధుల గదులు. శిక్షణ పూర్తయినవాళ్ళు ఒకరోజు నిజమైన సందర్శకులను తిప్పి చూపించాలి. వెనకాల పరీక్షించే ఆవిడ నడుస్తూ ఉంటుంది. ఆవిడ సరేనంటేనే బ్యాడ్జి ఇస్తారు.

ఆ రోజు దగ్గరపడే కొద్దీ మా హాలే ఈజిప్టు అయిపోయింది. ఫ్రిజ్ గుడి ముఖద్వారం. మెట్ల కింద అలమర సమాధి. ఇస్త్రీ బల్ల మీద దుప్పటి కప్పితే శవపేటిక. నేను వాచీ చేత్తో పట్టుకుని సోఫాలో కూర్చునేవాణ్ణి. ఎక్కడ సాగదీసిందో, ఎక్కడ తొందరపడిందో చెప్పేవాణ్ణి. నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి, పద్ధతి నాకు ప్రాణం. ప్రతిసారీ ఆమె ఒకే మాటతో మొదలుపెట్టేది: "దయచేసి దేన్నీ ముట్టుకోకండి. మన వేళ్ళ చెమట, నూనె రాతికి మంచివి కావు." ఆ మాట నాకు కంఠతా వచ్చేసింది.

పరీక్షకు మేమూ వస్తామన్నాను.

"ఇంట్లో ఇన్నిసార్లు విన్నారుగా మామయ్యా, మళ్ళీ అక్కడెందుకు?" అంది నెమ్మదిగా.

వద్దనడానికి అంతకన్నా మర్యాదైన మార్గం ఆ పిల్లకు లేదు. నాకది అర్థం కాలేదు. "ఎవరో తెలియనట్టు వెనక నిలబడతాంలేమ్మా," అన్నాను. రైల్లో నా భార్యకు కూడా అదే పాఠం చెప్పాను. అమ్మాయీ అని పిలవకూడదు, దాహమేస్తోందా అని అడగకూడదు.

"చూసి నవ్వొచ్చునా, అదీ కూడదా?" అంది ఆవిడ.

కోడలు ఆ రోజు నల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుంది. పది పన్నెండుమంది ఇంగ్లీషువాళ్ళు, చివర మేము, మా వెనక నెరిసిన జుట్టుతో, చేతిలో అట్టతో పరీక్షించే ఆవిడ. మొదటి గదిలో కోడలి గొంతు కొంచెం వణికింది. రెండో గదికి వచ్చేసరికి నిలదొక్కుకుంది. ఒక పెద్దాయన ఏదో చమత్కారంగా అడిగితే అంతే చమత్కారంగా జవాబు చెప్పి అందరినీ నవ్వించింది. వాచీ చూసుకోవడం నేను మరిచిపోయాను.

మూడో గదిలో నల్లరాతి దేవత ఉంది. మనిషి శరీరం, ఆడసింహం ముఖం. పీఠం మీద కూర్చుని ఉంది, చేతులు మోకాళ్ళ మీద. అద్దాల పెట్టె లేదు, ముందు ఒక తాడు కట్టారంతే. ఈ తల్లికి కోపం వస్తే ఊళ్ళ మీదికి రోగాలు పంపుతుందని, శాంతిస్తే తనే నయం చేస్తుందని, అందుకే జనం ఆమెను మంచి చేసుకునేవారని కోడలు చెప్పింది. ఇంట్లో రిహార్సల్‌లో ఈ దేవత బదులు కోడలు కుర్చీని చూపించేది. ఆ కుర్చీలో నా భార్యకు ఏమీ కనబడలేదు. ఇక్కడ కనబడింది.

"మన పోలేరమ్మ గదండీ!" అంది నా చెవిలో.

జనం పక్క గోడ మీది చెక్కడాల వైపు తిరిగారు. నేనూ తిరిగాను. మళ్ళీ చూసేసరికి నా భార్య తాడు మీదుగా వంగి ఉంది. హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండే అమ్మవారి కుంకుమ పొట్లం ఎడమ చేతిలో విప్పి ఉంది. దేవత పాదాల మీద రెండు ఎర్రటి బొట్లు. ఆవిడ కళ్ళు మూసుకుని ఏదో అనుకుంటోంది.

"ఏం చేశావే!" అన్నాను గొంతు నొక్కిపట్టి.

"పిల్ల పరీక్ష గట్టెక్కాలని మొక్కుకున్నా. మీరు అరవబాకండి."

ఉద్యోగంలో నాకొక అలవాటు ఉండేది. నకలు కాగితం మీద తప్పు గీత పడితే పైవాళ్ళు చూసేలోగా చెరిపెయ్యాలి. ఆలోచించలేదు. జేబులోంచి రుమాలు తీశాను. సంచిలో మంచినీళ్ళ సీసా ఉంది. రుమాలు తడిపి, తాడు మీదుగా వంగి, గట్టిగా రుద్దాను. బొట్లు పోయాయి. వాటి బదులు అరచేయంత ఎర్రటి మరక కాలివేళ్ళ సందుల్లోకి పాకింది. ఇంకా రుద్దాను. చుక్కలు పీఠం మీదికి జారాయి.

తలెత్తితే కోడలు నన్ను చూస్తోంది. జనమంతా చూస్తున్నారు.

కోడలు వాక్యం మధ్యలో ఆపింది. ఒక క్షణమే. "ఒక్క నిమిషం క్షమించండి," అని వాళ్ళకు చెప్పి, గది కాపలావాణ్ణి పిలిచింది. విగ్రహాన్ని ఎవరైనా ముట్టుకుంటే వెంటనే చెప్పాలన్నది వాళ్ళ నియమం. ఆమె అదే చేసింది. వీళ్ళు మీకు తెలుసా అని అతను అడిగాడు. తెలియదంటే బాగుండునని ఆ క్షణంలో నేను నిజంగా కోరుకున్నాను.

"మా అత్తగారూ మామగారూ," అంది ఇంగ్లీషులో, అందరికీ వినబడేట్టు.

మమ్మల్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. చాలా మర్యాదగా టీ ఇచ్చారు. ఆ మర్యాదకు నా తల ఇంకా వంగిపోయింది. చేతులకు నీలం తొడుగులు వేసుకున్న, విగ్రహాలు శుభ్రం చేసే ఒకమ్మాయి వచ్చి, కుంకుమ పొడిగా ఉంటే మామూలు బ్రష్షుతోనే పోయేదని, తడి ఎలా తగిలిందని అడిగింది. బడిపిల్లాడిలా చెయ్యెత్తాను. మరక చాలావరకు పోతుందని చెప్పింది. మొత్తం పోతుందని మాత్రం అనలేదు.

మధ్యాహ్నం సమాధుల గదులు కోడలు ఒక్కతే చూపించింది. మేము వినలేదు. సాయంత్రం కోటు వేసుకుని వచ్చి, "వెళ్దామా?" అంది.

"ఏమన్నారమ్మా?"

"చెప్పడం బాగుందన్నారు. గ్రూపును కంట్రోల్ చెయ్యడం రాలేదన్నారు. మళ్ళీ ట్రయల్ ఇవ్వాలి."

రైల్లో ఆమె కిటికీకి తల ఆనించి కళ్ళు మూసుకుంది. నిద్రపోలేదని తెలుస్తూనే ఉంది. నా భార్య నా వైపు వంగి, "నేను పెట్టింది బొట్టు. మీరు పూసింది రంగు," అంది. నేను తడి రుమాలును జేబులో ఇంకా లోపలికి తోశాను.

ఆ రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వచ్చి, సంగతి విని, మా అబ్బాయి పొట్ట పట్టుకుని నవ్వాడు. "నయం, కొబ్బరికాయ కొట్టలేదు!" అన్నాడు. కోడలు కూడా నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

ఆ తర్వాత ఇంట్లో రిహార్సళ్ళు లేవు. ఫ్రిజ్ ఫ్రిజ్‌గానే ఉంది. ఒకరోజు గుమ్మం పక్కన, కోట్లు తగిలించే కొక్కానికి బ్యాడ్జి వేలాడుతూ కనిపించింది.

"ఎప్పుడమ్మా?"

"పోయిన శనివారం మామయ్యా. మీరు గుడికెళ్ళారు చూడండి, ఆ రోజు."

నిష్ఠూరం లేదు. మాకు ముందుగా చెప్పకపోవడంలో తప్పూ లేదు. సంతోషం అన్నాను. ఇంకేదో కూడా అనాలని అక్కడే నిలబడ్డాను. ఆమె కుక్కర్ విజిల్ విని లోపలికి వెళ్ళిపోయింది.

మేము తిరుగు ప్రయాణమయ్యే ముందు శనివారం, సమాధుల గదులు చూడనేలేదుగా, రమ్మంది. మోకాలు నొప్పి అన్నాను. నా భార్య అప్పటికే చీర మార్చుకుని వచ్చింది. తప్పలేదు. హ్యాండ్‌బ్యాగు ఇంట్లోనే పెట్టించాను. నా రుమాలు కూడా ఇస్త్రీ బల్ల మీద వదిలేశాను.

సింహముఖి గదిలో ఇప్పుడు తాడు ఇంకొంచెం ఇవతలికి జరిపి కట్టారు. కోడలు రోగాల సంగతి, శాంతి సంగతి చెప్పింది. తర్వాత, మా హాల్లో ఎప్పుడూ చెప్పని మాట ఒకటి కలిపింది.

"ఈ దేవతకు పూజలు ఎప్పుడో ఆగిపోయాయని అనుకుంటాం. కానీ ఈ వేసవిలో మా అత్తగారు ఈమెకు కుంకుమ పెట్టారు, నేను పరీక్ష పాసవ్వాలని. మొదటిసారి తప్పాను. రెండోసారి పాసయ్యాను."

అందరూ నవ్వి, నా భార్య నుదుటి బొట్టు వైపు తిరిగి చూశారు. ఒకాయన టోపీ కూడా తీశాడు. ఆవిడ కొత్త పెళ్ళికూతురిలా తల వంచుకుంది.

రుమాలు మాట వస్తుందేమోనని నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. రాలేదు. ఆమె నా వైపు చూడకుండానే అందరినీ తర్వాతి గదికి నడిపించింది. దేవత కాలివేళ్ళ సందుల్లో ఇంకా ఎరుపుందేమో చూద్దామని ఇంటి దగ్గరే అనుకుని వచ్చాను. కళ్ళు అటు తిప్పలేకపోయాను. వాళ్ళ వెనకే వెళ్ళాను, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని.