యాదయ్య కాక కట్టిన ఎర్ర గుడ్డ

ఈ రోజు మా కార్ఖానాలో కంప్యూటర్ తీసిన కాగితం పట్టుకుని రేకులు నొక్కే ప్రెస్ మిషన్ల దగ్గరికి వెళ్లాను. ఏ మిషన్‌కు ఏ పనో ఇప్పుడు ఆ కాగితమే చెబుతుంది. ఏడో ప్రెస్ నడుస్తోందని అందులో ఉంది. ఎదురుగా చూస్తే దాని హ్యాండిల్‌కు ఎర్ర గుడ్డ కట్టి ఉంది. సూపర్‌వైజర్ కాగితాన్నే నమ్మి గుడ్డ విప్పబోయాడు.

బొంబాయిలో ఒంటిగదుల వరుసలున్న మా కామాటిపుర చాల్‌లోనే ఉండే ఫిట్టర్ యాదయ్య కాక అడ్డం వచ్చి నా వైపు తిరిగాడు.

"బ్రేక్ పడ్తలేదని నిన్ననే బంద్ చేసిన. ఈ గుడ్డ నీ కాగిదంల ఏడున్నది బిడ్డా?"

ఫారంలో గడులు నింపి వివరాలు కంప్యూటర్‌కు ఎక్కించేది నేనే. "దానికి గడి లేదు కాకా" అన్నాను.

ఆయన కుడి చెయ్యి చాపాడు. రెండు వేళ్లు లేవు.

"ఇవి పోయినంకనే గుడ్డ కట్టుడు షురూ జేసినం."

చెప్పులు విడిచి వెళ్లే ఏసీ గదిలోని కంప్యూటర్‌కు జానెడు గుడ్డ కనిపించదు, సరే. రోజూ ఆయనతో ఒకే బస్సులో వెళ్లే నాకు ఆ చెయ్యి ఎందుకు కనిపించలేదు?

ఇది రాసి చాల్ బోర్డుకు అంటిస్తున్నాను. మీ కార్ఖానాల్లో ప్రమాదానికి ఏ గుర్తు పెడతారో కింద రాయండి. రేపు వాటన్నిటికీ ఫారంలో గడులు పెట్టమని కంప్యూటర్ వాళ్లను అడుగుతాను.