పట్టు పడుగుకు పెట్టిన క్లిప్పులు

ఒక పెళ్లికూతురి చీరను మగ్గం ఎక్కకముందే నేనెలా నాశనం చేయబోయానో చెబుతాను. మీరు నవ్వండి, కానీ మా నాయన ఎదుట మాత్రం వద్దు.

అప్పట్లో నాకు ఇరవై ఆరేళ్లు, స్ఫటికాల మీద పరిశోధన చేస్తున్నాను. మర్నాడు హిందూపురం కాలేజీలో నా ప్రసంగం. ఆ ఉదయం ధర్మవరంలో మా ఇంటి ముందు నాయన పట్టు పడుగు, అంటే చీర నిలువు దారాలు, వీధి పొడవునా చాపి కర్రల మీద ఆనించాడు. పెనుకొండ వాళ్ల పెళ్లి చీర అది, ఆ రోజే మగ్గం ఎక్కాలి. లేత ఎండలో, చల్లగాలికి, ఎర్రటి పట్టు మీద ఒక అల ఈ కొన నుంచి ఆ కొనకు మెల్లగా సాగిపోతోంది. దాని వెంట నేనూ తేలిపోయాను.

“చూస్తాండు పాపా, టీ తాగొస్తా” అన్నాడు నాయన.

పట్టుచీర అరువిచ్చినవాడు పీట పట్టుకుని వెంట తిరగాలట. ఆయన తిరగలేదు, అదొక్కటే ఆయన తప్పు. వచ్చేసరికి పడుగును అక్కడక్కడా బట్టల క్లిప్పులతో కర్రలకు బిగించేశాను.

“ఏం చేస్తాండావు?”

“నాయనా, కొన్ని స్ఫటికాల్లో ఎలక్ట్రాన్లు ఇట్లే అల కడతాయి. ఒకచోట చిక్కగా, ఒకచోట పల్చగా. కల్తీ అణువులు పడితే అల వాటికి తగులుకుని ముక్కలైపోతాది. చూడు, క్లిప్పుల కాడ ఎట్లా ఆగిందో!”

“అర్థమాయె. తీసెయ్ తల్లీ.”

“అసలు సంగతి ఇంకా ఉండాది! గట్టిగా లాగితే ఒక్కసారిగా విడిపించుకుని జారిపోతాది!”

“లాగొద్దు...”

లాగాను. స్ఫటికంలో అయితే అల జారేది. పట్టు మా పాఠం చదవలేదు. టప్, టప్, టప్!

నాయన అరుగు మీద కూలబడ్డాడు. “పెనుకొండోళ్లకు ఏం చెప్పాల?” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

తెగిన కొనలు నేను వెతికి ఇస్తుంటే ఆయన ఒక్కొక్కటే అతికాడు. పొద్దు వాలే వేళకు పడుగు మగ్గం ఎక్కింది. అప్పుడు నా వైపు తిరిగాడు.

“పాపా, కల్తీ అంటే ఆ క్లిప్పులే కదా?”

“అవును నాయనా.”

“కాదులే. అవి తీస్తే వచ్చినాయి. ఈ ఇంట్లో పడిన కల్తీ ఇరవై ఆరేండ్లుగా యాడికీ కదల్లేదు!”

కనుక, తెగి అతుక్కున్న ఆ దారాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఎలక్ట్రాన్ల కష్టాలన్నీ నల్లబల్ల మీదే చూపిస్తాను. సుద్దముక్క విరిగితే ఏ పెళ్లీ ఆగదు.