ఆరూ పదిహేడుకు పుట్టినవాణ్ణి

నేను ఉదయం ఆరు గంటల పదిహేడు నిమిషాలకు పుట్టాను. ఈ సంగతి తేలేసరికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు నిండాయి. తేల్చింది మా అమ్మ కాదు, మంత్రసాని కాదు. ఆళ్ళగడ్డ బస్టాండు దగ్గర ఒక మేడమీది గదిలో, చెప్పులు బయట విడిచి, కంప్యూటర్ ముందు కూర్చుని మా మామగారు తేల్చారు.

తొంభైల నడిమి మాట. అప్పుడు నేను పత్తి విత్తనాల కంపెనీ మనిషిని. నంద్యాలలో బస్సెక్కి, సంచి భుజాన వేసుకుని, ఆళ్ళగడ్డ, కోయిలకుంట్ల చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగేవాణ్ణి. మా విత్తనం వేసిన చేలో కాయ పగిలితే ఆ చప్పుడుకు పక్క ఊరి కుక్కలు మొరిగాయని చెప్పేవాణ్ణి. రైతులు కడుపారా నవ్వి, ఓ ప్యాకెట్ తీసుకునేవాళ్ళు. వాళ్ళు నమ్మలేదు, నేను నమ్మమననూ లేదు. అబద్ధానికి ఆపాటి మర్యాద ఉండాలి.

ఆ తిరుగుళ్ళలోనే ఆళ్ళగడ్డలో ఒక సంబంధం కుదిరేట్టు కనిపించింది. అమ్మాయి అక్కడే ఒక బడిలో పంతులమ్మ. వాళ్ళ నాయన శిల్పి. రోడ్డు పక్క రేకుల షెడ్డులో దేవుడి బొమ్మలు చెక్కేవాడు. పెళ్ళిచూపుల రోజు ఐదు నిమిషాలు మమ్మల్ని మాట్లాడుకోమన్నారు.

"మీరు కతలు బాగా చెప్తారంట. అన్నీ నిజాలేనా?" అని అడిగిందామె.

"సగం."

"ఏ సగం?"

అన్నేళ్ళలో ఏ రైతూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. ఇంకెవరినీ చూడను, ఈమెనే చేసుకుంటానని అక్కడికక్కడే అనుకున్నాను.

కానీ వాళ్ళ నాయన కొలతల మనిషి. బొమ్మ ముఖం ఒక కొలతైతే నిలువెత్తు తొమ్మిది కొలతలు, గింజంత తేడా వచ్చినా ఆ రాయి పక్కన పడేసేవాడు. నా చేతిలో ఒక చీటీ పెట్టాడు. అందులో అమ్మాయి పుట్టిన తేదీ, వేళ ఉన్నాయి.

"మా పంతులు కాఫీ తాగితే ఒక లెక్క, అన్నం తింటే ఇంకో లెక్క చెప్తాడప్పా. మిషన్‌కు ఆకలి ల్యా. కంప్యూటర్‌లో జాతకాలు ఏయించు. ముప్పై ఆరు గుణాలకు పద్దెనిమిది కలవాల. పదిహేడున్నర వచ్చినా నేను పిల్లనియ్యను."

నంద్యాలలో అప్పుడప్పుడే వెలసిన కంప్యూటర్ సెంటర్‌కు వెళ్ళాను. తెరకు కుంకుమ బొట్టు, మీద పూలదండ. నడిపేది ఒక సాయిబు.

"పుట్టిన టైము చెప్పన్నా. నిమిషాలతో సహా."

"ఉజ్జాయింపుగా అయితే?"

"దానికి ఉజ్జాయింపు తెలీదన్నా. నాకేమో నచ్చత్రాలు తెలీవు. నేను ఎంటర్ కొడతా, అది చెప్తాది."

ఇంటికి పోయి అమ్మనడిగాను. "బియ్యం మిల్లు రెండో కూతకు పుట్టినావ్ రా" అంది.

"అంటే ఎన్ని గంటలకమ్మా?"

"నేను నొప్పులు పడతాంటే గడియారం చూసుకుంటా కూసుంటానా?"

మా పేటలో కాలమంతా మిల్లు సైరన్‌తోనే నడిచేది. అది కూస్తే బెలుం గుహల్లో గబ్బిలాలు పక్కకు తిరిగి పడుకునేవని నేను చెబుతుంటాను. ఆ సైరన్ మోగించిన ముసలాయన బతికే ఉన్నాడని తెలిసి, వెతుక్కుంటూ పోయాను. మిల్లు గేటు పక్క అరుగు మీద దొరికాడు.

"రెండో కూత ఆరుకు ఏయాలని రూలప్పా" అన్నాడు.

"ఆరుకే వేసేవాడివా?"

"బీడీ అయిపోయినాక ఏస్తాంటి."

"నేను పుట్టిన పొద్దు ఎన్ని బీడీలు తాగినావో గుర్తుందా?"

"నువ్వు పుడతాండావని ఎవురన్నా చెప్పింటే రాసిపెట్టుకుంటాంటి గదప్పా!"

ఆరు అని చెప్పి, సాయిబు చేత జాతకాలు వేయించాను. ప్రింటర్ కీచుమని అరిచి, అంచుల వెంట చిల్లులున్న కాగితాన్ని కక్కింది. పద్నాలుగున్నర.

ఒళ్ళు మండిపోయింది. ఆ యంత్రం నా ముఖం చూడలేదు, ఆమె ముఖం చూడలేదు. 'ఏ సగం?' అన్న ప్రశ్న వేయడానికి అందులో గడి లేదు. బీడీకి గడి లేదు. "తెలీదు" అనడానికి గడి లేదు. నిజం చెబుదామంటే తీసుకోదు, నోటికొచ్చిన అంకె చెబితే కళ్ళకద్దుకుని తీసుకుంటుంది. నా జన్మలో ఇంత తేలిగ్గా అబద్ధం నమ్మినదాన్ని చూడలేదు.

అలాగే కానీ అనుకున్నాను. ఆరూ పది అన్నాను. మళ్ళీ పద్నాలుగున్నర. ఆరూ ఇరవై ఐదు అన్నాను. ఇరవై ఏడు! ఆ ఉదయం ఆ మధ్యలోనే ఒక నక్షత్రం పోయి ఇంకొకటి వచ్చిందట. ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని ఆళ్ళగడ్డ బస్సెక్కాను. బస్సు లేకపోయినా ఎగిరిపోయేవాణ్ణే.

శిల్పి పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. కాగితం అడుగున అంకె మటుకు చూశాడు. ఉలి కింద పెట్టి, చేతుల రాతిపొడి దులుపుకున్నాడు.

"బాగుండాది. అయితే ఇది మీ నంద్యాల కంప్యూటర్ గదా. మా ఆళ్ళగడ్డ కంప్యూటర్ ఏమంటాదో గూడా ఇందాం పా."

ఆయన కూతుర్ని కూడా పిలిచాడు. దారి పొడవునా ఆమె తల ఎత్తలేదు. సిగ్గనుకున్నాను. ఆ మేడమీది గదిలో కళ్ళజోడాయన ఒకడు కూర్చుని ఉన్నాడు. ఆమెను చూడగానే, "అమ్మాయి వివరాలు మా దాంట్లో ఉండాయి, మీవి చెప్పండి" అన్నాడు. నేను గొంతు సవరించుకుని, ఆరూ ఇరవై ఐదు అన్నాను.

తొమ్మిది.

పెద్దాయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు. "ఏందప్పా ఇది? అదే పిల్ల, అదే పిల్లోడు. నంద్యాల్లో ఇరవై యేడు, ఈడ తొమ్మిదా?"

"మీరిచ్చిందే అది లెక్కేస్తాది. కంప్యూటర్ తప్పు చెప్పదు" అన్నాడు కళ్ళజోడాయన.

అప్పుడు ఆమె నోరు విప్పింది. "నేనే మార్చినా నాయనా."

సంగతేమంటే, పెళ్ళిళ్ళ పేరయ్య ఇచ్చిన వివరాల్లో నా వేళ ఆరు గంటలని ఉంది. నాకన్నా ముందే ఆమె ఇక్కడికి వచ్చి జాతకాలు వేయించింది. పద్నాలుగున్నర చూసింది. తను పుట్టిన తేదీని ఒకరోజు వెనక్కి జరిపింది. ఇరవై తొమ్మిది వచ్చాయి. ఆ తేదీయే ఆ యంత్రంలో ఉండిపోయింది. ఆమె అబద్ధం నా ఆరు గంటలకు అతికింది. నా అబద్ధం ఆమె అసలు తేదీకి అతికింది. రెండు అబద్ధాలూ ఎదురెదురు పడితే తొమ్మిది.

"నువ్వు గూడా మార్చినావా?" అని పెద్దాయన నా వైపు తిరిగాడు.

జీవితంలో మొదటిసారి నిజం చెప్పాను. మిల్లు కూత, బీడీ, అన్నీ చెప్పాను.

"కన్నతల్లికి కొడుకు పుట్టిన టైము తెలీదా? కతలు చెప్తాండావా నాకు?"

ఆయన లేచి మెట్ల దాకా పోయాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"నాయనా, ఆగు" అందామె. "నేను అబద్ధమాడింది ఈయప్పను చేసుకోవాలనే. ఈయప్ప ఆడిందీ నన్ను చేసుకోవాలనే. నీకు ఇంకేం లెక్క కావాల?"

ఆయన మెట్టు మీద పెట్టిన కాలు తీశాడు. వెనక్కి వచ్చి కుర్చీ లాక్కున్నాడు. కళ్ళజోడాయనతో, "పిల్లది అసలు తేదీ ఎయ్యి" అన్నాడు. ఇరవై ఏడు. "ఇప్పుడు పిల్లోడి టైము ఒక్కో నిమిషం వెనక్కి జరుపు."

ఆరూ ఇరవై నాలుగు. ఇరవై ఏడే. ఇరవై మూడు. ఇరవై ఏడే. అలా వెనక్కి వెళుతుంటే ఆయన తెర మీదికి వంగి, రాతి మీద ఉలి ఆనించినంత జాగ్రత్తగా చూస్తున్నాడు. పదిహేడు నిమిషాల దగ్గర ఇరవై ఏడు. పదహారు నిమిషాల దగ్గర పద్నాలుగున్నర.

"ఆపు! పదిహేడుకే పెట్టు. ఇంకా చెక్కితే ముక్కు పోతాది." తర్వాత నన్ను చూశాడు. "తప్పనప్పుడు అబద్ధం ఎంత చిన్నగుంటే అంత మంచిది. ఇరవై ఐదంట, ఇరవై ఐదు!"

పెళ్ళయింది. ఆ కాగితాన్ని మామగారు లామినేషన్ చేయించి షెడ్డులో దేవుడి పటాల వరసలో తగిలించారు. రెండువేల సంవత్సరం దాటాక ఇంటర్నెట్ వచ్చింది, సంబంధాలే కంప్యూటర్‌లో వెతకడం వచ్చింది, ఆయన ధీమా ఇంకా పెరిగింది. బంధువుల్లో ఎవరింట పెళ్ళి మాటలొచ్చినా వాళ్ళను ఆ కాగితం ముందు నిలబెడతారు. "మిషన్ చెప్పిన పెండ్లి ఇది. ఒక్క మాట తేడా రాల్యా. కావాలంటే అల్లున్నడగండి." నన్ను సాక్ష్యానికి పిలుస్తారు. ఆరూ పదిహేడును తానే చెక్కానన్న సంగతి ఆయనకు నిజంగానే గుర్తు లేదు.

ఒకసారి విసిగిపోయి, పదిమంది ముందు జరిగింది జరిగినట్టు చెప్పేశాను. ఒకాయన నవ్వి, "నీ కతలు పత్తి రైతులకు చెప్పుకోపో అన్నా. కంప్యూటర్ కాగితం కండ్ల ముందర ఉంటే!" అన్నాడు. అందరూ నవ్వారు. దిక్కుతోచక మా ఆవిడ వైపు చూశాను. అంతా తెలిసిన మనిషి, ఒక్క మాట సాయం రాదా అని.

"నా అబద్ధానికి ఇరవై తొమ్మిది వచ్చినాయి. నీదానికి ఇరవై యేడే" అని, టీ గ్లాసులు తీసుకుని లోపలికి పోయింది.