వలకు అవతలి కొస

మైపాడులో ముత్యాలయ్యకు మతి చెడిందని టీకొట్టు తేల్చేసింది. ఆ కొట్టు తీర్పుకు పైకోర్టు లేదు. భార్య పేరమ్మ పోయిన దగ్గర్నుంచి అతను వల బాగుచేసుకుంటూ ఆమెతో మాట్లాడుతున్నాడు, అదీ నేరం. వినీ వినీ చివరకు అతనికే అనుమానం పట్టుకుంది.

అందుకే నెల్లూరు నుంచి ఉషారాణి అనే పరిశోధకురాలు వచ్చి, ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లు కావాలనగానే, ఎవరూ పిలవకుండానే వెళ్లి పంచాయతీ ఆఫీసులో కూర్చున్నాడు. పక్షవాతం వచ్చినవాళ్లు వస్తువుల్ని గుర్తుపడతారా, చేతిపనులు చేయగలరా అని చూసే ప్రశ్నలట ఆమె తెచ్చినవి. ఏ జబ్బూ లేనివాళ్లు ఎలా చేస్తారో ముందు చూస్తే తప్ప, అవి ఈ ప్రాంతానికి పనికొస్తాయో లేదో తెలియదట. ముత్యాలయ్యకు అదంతా అక్కర్లేదు. తన మతి బాగుందని చదువుకున్న మనిషి నోట వినాలి, అంతే.

కళ్లు మూసుకుని తాళంచెవిని, గవ్వను తడిమి చెప్పాడు. ఒకదానిమీద ఒకటి గీసిన బొమ్మల్లోంచి చెంబును, గొడుగును విడదీశాడు. చేతిలో దువ్వెన లేకుండానే తల దువ్వి చూపించాడు, ఉన్న నాలుగు వెంట్రుకలనూ వదల్లేదు.

"ఇప్పుడు వల మడత పెట్టినట్టు చూపించండి" అంది ఉషారాణి. మన తీరం ఊళ్ల కోసం ఆమె కొత్తగా చేర్చిన ప్రశ్న అది.

ముత్యాలయ్య లేచి, లేని తాడును రెండు చేతులా పట్టుకుని, ఎదురుగా చూస్తూ నిలబడ్డాడు. ఎంతకీ కదల్లేదు. ఆమె ఏదో రాసుకుంది.

"ఏం పాపా, పోయినట్టేనా నా మతి?"

"ఎందుకు ఆగిపోయినారు పెద్దాయనా?"

"అవతల కొస పట్టుకునే మనిషి రావాల గదా. తేలే బెండ్లు కట్టిన పైతాడు నేను, బరువులు కట్టిన కిందితాడు మా పేరమ్మ. ఒక్కడే మడిస్తే చిక్కు పడిపోద్ది."

ఉషారాణి తను రాసుకున్నదాన్ని కొట్టేసింది. "ఇద్దరి పని మిమ్మల్ని ఒక్కరినే చెయ్యమన్నా. తప్పు నాది. మీ మతికేం కాలేదు, శుభ్రంగా ఉండాది."

ఆ మాట టీకొట్టు దగ్గర అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పి ఇంటికి వచ్చాడు. ఇసుకలో వల ఆరి ఉంది. అలవాటుగా "పేరమ్మా, ఆ కొస పట్టుకో" అనబోయి ఆగాడు. మతి చెడిందనుకున్నన్నాళ్లూ ఆమె ఎంతో కొంత ఉన్నట్టే ఉండేది. బాగున్న మతికి ఆమె లేదని తెలుసు. ఏడుపొచ్చింది, ఏడ్చాడు. తర్వాత అవతలి తాడును సరుగుడు చెట్టుకు కట్టి, ఒక్కడే వల మడవసాగాడు.