ఫ్రెంచి సంతలో బోణీ

అక్షరాలు నేర్చుకునేసరికి నాకు యాభై దాటాయి. అండమాన్‌లో మేముండే బాంబూఫ్లాట్‌లో, తెలుగు చర్చి వరండాలో ఒక టీచరమ్మ మధ్యాహ్నాలు నేర్పేది. ఇప్పుడు ఎవరికైనా ఉత్తరం రాయగలను. రాయాల్సిన ఇద్దరూ లేరు. అందుకే ఈ సంగతి ఇలా కాగితం మీద పెడుతున్నాను.

ఆ ఇద్దరిలో ఒకరు మా అమ్మ. రెండోవారు అమ్మకు అక్క, నాకు పెద్దమ్మ. వాళ్ళది యానాం పక్క. తల్లి లేని మా అమ్మను పెద్దమ్మే పెంచింది. యానాం ఫ్రెంచి వాళ్ళ ఏలుబడిలో ఉన్న రోజుల్లో అక్కడి మంగళవారం సంతలో అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎండు చేపలు అమ్మేవారు. దొరసానులు గొడుగులు వేసుకుని వచ్చి వేలితో చూపిస్తే వెనకాల నౌకరు కూరలు ఎత్తేవాడని, రొట్టెలు కాల్చే బట్టీ వాసన చేపల వాసనను కూడా మింగేసేదని అమ్మ చెప్పేది. ఫ్రెంచి వాళ్ళు వెళ్ళిపోయి ఎన్నేళ్ళయినా అమ్మకు అది ఫ్రెంచి సంతే.

స్వాతంత్ర్యం వచ్చిన కొన్నాళ్ళకు మా నాన్న మరో నాలుగు కుటుంబాలతో కలిసి అండమాన్ ఓడెక్కాడు. నేను అప్పుడు చంకలో పిల్లను. ఓడెక్కే ముందు అమ్మ తన అక్కకు చెప్పలేదు. చెబితే కాళ్ళకు అడ్డం పడి ఆపేస్తుందని భయం. ఏడాది తర్వాత ఆ పక్క నుంచి వచ్చిన ఒకాయన కబురు తెచ్చాడు.

"నీ పేరు సెప్పి తలారా తానం సేసేసిందమ్మా మీ అక్క. నా సెల్లెలు సచ్చిపోయిందని సంతలో అందరికీ సెప్పేసింది."

అమ్మ ఆ కబురుతోనే బతికింది. అబర్డీన్ బజార్‌లో రోడ్డు పక్కన చేపల తట్ట పెట్టుకుని, మమ్మల్ని పెంచి, లంబాలైన్ అనే పేటలో రేకుల ఇల్లు కట్టుకుంది. నన్ను పోర్టులో పనిచేసే మనిషికిచ్చి పెళ్ళి చేసింది.

మా ఆయనకు కొన్నేళ్ళకోసారి సర్కారు ఓడ టిక్కెట్టుతో పాటు లంబా చుట్టీ, అంటే పెద్ద సెలవు, ఇచ్చేది. పెళ్ళయ్యాక మొదటిసారి మేం అటు వెళుతుంటే అమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అప్పటికే ఆమె కాళ్ళు వాచి నడవలేకపోతోంది.

"మంగళారం నాడు ఫ్రెంచి సంతకెళ్ళు. మా అక్క దగ్గర ఏదీ కొనమాకు. ఎవరి కూతురివో సెప్పు, కొంగు పట్టు. గుప్పెడు నెత్తళ్ళ సేపలైనా సరే, దాని సేత్తో ఊరికే ఇచ్చింది తే. అదిచ్చిందంటే నేను బతికున్నట్టే."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వలేదనే వచ్చి సెప్పు. ఝూట్ సెప్పకు నాకు."

మద్రాసు దాకా ఓడ, అక్కడి నుంచి రైలు, కాకినాడ నుంచి తొలి బస్సు. యానాంలో దిగేసరికి అప్పుడే వెలుగు వస్తోంది. అంత తిండి ఒకచోట పోసి ఉండగా నేను ఎన్నడూ చూడలేదు. మా ద్వీపాల్లో బంగాళాదుంపలు కూడా ఓడలో రావాలి. ఇక్కడ వంకాయలు గుట్టలుగా ఉన్నాయి. అరటిగెలలు, బాతుగుడ్లు, కాళ్ళకు తాళ్ళు కట్టిన పీతలు, తాటాకు చుట్టిన బెల్లం ఆరుబయట నేల మీదే పరిచి ఉన్నాయి. చేతిలో సంచీ ఉందని మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను.

"గాడీ ఛూటిపోద్ది, జల్దీ జల్దీ కానియ్," అని మా ఆయన బస్సు దగ్గరే నిలబడ్డాడు. వచ్చిన బస్సులోనే తిరిగి వెళ్ళి మధ్యాహ్నం రైలు అందుకోవాలి.

పెద్దమ్మ ఎక్కడ కూర్చుంటుందని చింతపండు అమ్మే ఆమెను అడిగితే గడ్డంతో అటు చూపించింది. "అదిగో, ఆ చివర. బోణీ కాకుండా కదిపావా, తిట్టిపోస్తాది!"

పెద్దమ్మ గోనె పరిచి నెత్తళ్ళు పోస్తోంది. నేను ముందు నిలబడి చెప్పేశాను. "అండమాన్ నుంచి వచ్చాను. మీ చెల్లెలి కూతుర్ని." అమ్మ చెప్పినట్టే కొంగు పట్టాను.

ఆమె తలెత్తలేదు. చేతులు మాత్రం కాసేపు నెత్తళ్ళలో అలాగే ఉండిపోయాయి.

"బోణీ కానీ. కూకో," అంది.

అందులో తప్పేముంది? బోణీ కాకుండా ఎవరూ ఊరికే ఇవ్వరు. అమ్మ తట్ట పక్కన కూర్చుని పెరిగినదాన్ని, నాకు తెలియని సంగతి కాదు. కాని అంత సముద్రం దాటి వస్తే మొహమైనా చూడలేదని నాకు రోషం వచ్చింది. అవతల మా ఆయన చెయ్యి ఊపుతున్నాడు. నేనే బోణీ చేసేస్తే సరిపోతుంది కదా అనుకున్నాను. రెండు రూపాయలు తీసి గోనె మీద పెట్టాను.

అప్పుడు చూసింది నన్ను. చాలాసేపు చూసింది.

"కొనడానికొచ్చావా తల్లీ? మంచిది."

డబ్బులు కళ్ళకద్దుకుంది. రెండు రూపాయల నెత్తళ్ళూ తూచి, ఒక్కటి ఎక్కువా తక్కువా లేకుండా కాగితంలో కట్టి, ఇంకెవరికో ఇచ్చినట్టు ఇచ్చింది.

మేం ఎక్కాక బస్సు ముప్పావుగంట కదల్లేదు. కిటికీలోంచి సంత కనిపిస్తూనే ఉంది. "దిగి వెళ్ళి మళ్ళీ మాట్లాడి రాకూడదూ?" అన్నాడు మా ఆయన. అక్కర్లేదన్నాను.

లంబాలైన్‌లో ఆ పొట్లం అమ్మ చేతిలో పెట్టి, ఇచ్చింది అని చెప్పాను. అమ్మ పొట్లం విప్పకుండానే వాసన చూసింది. చుట్టుపక్కల వాళ్ళందరికీ చూపించింది. "దీదీ, మా అక్క పంపింది!" అని బెంగాలీ ఆవిడను కూడా పిలిచి చూపించింది. మూడు రోజులు ఇల్లంతా పండగే. ఆ మూడు రోజులూ నన్ను కూర్చోబెట్టి అడిగినవే అడిగింది. జుట్టు నెరిసిందా, గొంతు ఇంకా పెద్దదేనా, ఎండ పడకుండా ఏమైనా కట్టుకుందా అని. అలా అడుగుతూ, "ఏ ఏళకెళ్ళావు?" అంది.

"తెల్లారుతూనే. ఇంకా సరుకు పోస్తోంది."

అమ్మ మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళలో లేదు.

"బోణీ కాకుండా మా అక్క సిటికెడు ఉప్పు కూడా ఇవ్వదు," అంది.

ఇక దాచలేక అంతా చెప్పేశాను. బస్సులో కూర్చున్న ముప్పావుగంట సంగతి మాత్రం చెప్పలేదు. అమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"కూకోమంది కదే," అంది. "ఎందుకు కూకోలేదు?"

ఆ తర్వాత రెండు రోజులకు పొట్లం నాకిచ్చి, వండి ఇరుగుపొరుగు పిల్లలకు పెట్టమంది. తను చారుతో తింది. ఎవరిచేతైనా ఉత్తరం రాయిద్దామంటే ఒప్పుకోలేదు. "మా అక్క దాన్ని సంతలో ఎవరో సదివితే వినాలి. నా మాట పది నోళ్ళు తిరిగి వెళ్ళాలా? వద్దు. మళ్ళీ చుట్టీకి వెళ్ళి కూకో."

ఆ మళ్ళీ చుట్టీ రాకముందే, ముసురు పట్టిన వానల్లో అమ్మ పోయింది.

చుట్టీ వచ్చాక వెళ్ళాను. ఈసారి ఒక్కదాన్నే, సంత బాగా సాగుతున్న వేళకు వెళ్ళాను. ఏమీ మాట్లాడకుండా గోనె పక్కన నేల మీద కూర్చున్నాను. పెద్దమ్మ నన్ను గుర్తుపట్టింది. ఇద్దరు కొనేవాళ్ళను పంపించాక, నా వైపు చూడకుండానే అడిగింది.

"ఎలాగుంది అది?"

పోయిందని చెప్పాను. అప్పుడే ఒక ముసలాయన వచ్చి నెత్తళ్ళ ధర అడిగాడు. చెప్పింది. ఆయన బేరమాడాడు, పెద్దమ్మ ఒప్పుకోలేదు, ఆయన వెళ్ళిపోయాడు. పెద్దమ్మ తక్కెడ పట్టుకుని అలాగే కూర్చుంది.

"నువ్వు డబ్బులెట్టావు సూడు ఆ రోజు," అంది చివరికి. "నా సేతి తిండి ఊరికే వద్దని మీ అమ్మే సెప్పి పంపిందనుకున్నాను. అంత కోపమా నా మీద, అనుకున్నాను."

కాదని చెప్పాను. తొందరలో నేనే పెట్టానన్నాను. వినిపించిందో లేదో తెలియదు. సాయంత్రం సంత ఎత్తేదాకా పక్కనే కూర్చున్నాను. మిగిలిన సరుకు గోనెలోకి ఎత్తుతుంటే ఒక అంచు పట్టుకున్నాను. వెళ్ళేటప్పుడు ఆమె నాకేమీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.