డోర్‌మ్యాట్ మీద బంగారం

కాలిఫోర్నియాలో ఒక ఏట్లో, పట్టపగలు, ఒక చెక్కపెట్టెను రెండు చేతులా కావలించుకుని నేను దిగువకు కొట్టుకుపోయాను. ఒడ్డున ముగ్గురు తెలుగువాళ్లు, ఒక అమెరికన్ ముసలాయన, ఆయన కుక్క నిలబడి చూశారు. అక్కడ నీళ్లు మోకాలి లోతే. మోకాలి లోతు నీళ్లలో కొట్టుకుపోవాలంటే ఎంత ప్రతిభ ఉండాలో మీరే ఊహించుకోండి. ఆ ఘోరం ఎలా జరిగిందో చెబుతాను. నవ్వుకుంటే నాకేం అభ్యంతరం లేదు. కానీ తప్పు నాదా, పెట్టెదా అని అడిగితే, పెట్టెను మాత్రం ఒక్క మాట అననివ్వను.

అప్పటికి నాకు ముప్పై నిండలేదు. నేనూ నా భర్త రమేశ్ డబ్లిన్‌లో ఉండేవాళ్లం. ఐర్లండ్‌లోది కాదు, కాలిఫోర్నియాలోది, ఏ పార్కుకు వెళ్లినా మనవాళ్లు వాకింగ్ చేస్తూ కనబడేది. మా వీధిలోనే కిశోర్ గారు, ఆయన భార్య లావణ్య ఉండేవారు. విజయవాడ వాళ్లు. కిశోర్ గారు రమేశ్ ఆఫీసులోనే పని చేసేవారు. ఏదైనా కొత్త సరదా పట్టుకుంటే ముందు దాని మీద వీడియోలన్నీ చూసి, ఆ తర్వాత మాకు క్లాసు చెప్పడం ఆయన అలవాటు. ఆ ఏడాది ఆయనకు బంగారం పట్టుకుంది. సియెర్రా కొండల కింద ఏర్లలో, ఇసుక కడిగితే ఇప్పటికీ బంగారం రవ్వలు దొరుకుతాయట. దానికి కావలసింది స్లూస్ బాక్స్.

స్లూస్ బాక్స్ అంటే మూత, ముందు గోడ, వెనక గోడ లేని పొడవాటి పెట్టె. ఏట్లో కాస్త వాలుగా పెట్టి, ఎగువ నుంచి ఇసుక పోస్తే, తేలిక ఇసుకను నీళ్లు తోసుకుపోతాయి. బరువైన బంగారం అడుగున అడ్డంగా బిగించిన పట్టీల వెనక ఆగిపోతుంది. అంతే. ఇడ్లీ పాత్రలో ఇంతకంటే ఎక్కువ భాగాలుంటాయి.

"అల్యూమినియందే కొనాలి," అన్నారు కిశోర్ గారు, మా ఇంట్లో బిర్యానీ తింటూ. "ఫ్యాక్టరీ మేడ్ అయితే యాంగిల్స్ అన్నీ కరెక్ట్‌గా ఉంటయ్. చెక్కతో ఇంట్లో చేసుకున్నది పొయ్యిలోకి తప్ప ఎందుకూ పనికిరాదు."

"నేనొకటి చేస్తానన్నయ్యా," అన్నాను.

"స్లూస్ అంటే ఇంజినీరింగ్ పద్మగారూ. లేడీస్‌కి పళ్లెం చాలు. ఒడ్డున కూర్చుని మెల్లగా తిప్పుకోవచ్చు, బియ్యం గాలించినట్టు."

నేను మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో చేరినదాన్ని. పొద్దస్తమానం పక్కవాళ్ల పనిలో తప్పులు వెతకడమే నా ఉద్యోగం. బియ్యం మాట వినగానే నా చెవుల్లోంచి ఆవిరి వచ్చింది.

"శనివారం మీ పెట్టె పక్కనే నా పెట్టె పెడతాను. దేంట్లో ఎక్కువ బంగారం పడితే వాళ్లు గెలిచినట్టు. నేను ఓడితే ఏడాది పాటు మీ క్లాసులన్నీ నోరెత్తకుండా వింటాను. మీరు ఓడితే ఏడాది పాటు క్లాసులు బంద్."

రమేశ్‌కి పొలమారింది. నేను వింటే పక్కన కూర్చుని తనూ వినాలి కదా.

చలికాలం గాలికి పడిపోయిన మా పెరటి కంచె చెక్కలు గరాజ్‌లో ఉన్నాయి. వాటిని కోసి, మేకులు కొట్టి, అడ్డపట్టీలు బిగించాను. అడుగున పరచడానికి గరుకైన పట్టా ఒకటి కావాలి, సన్న రవ్వలు దాంట్లో ఇరుక్కోవడానికి. ఇల్లంతా వెతికితే వీధి గుమ్మం ముందున్నదే సరిగ్గా సరిపోయింది.

ఆఫీసు నుంచి వచ్చిన రమేశ్ గుమ్మం ముందు కాసేపు కాలు గాల్లోనే పెట్టుకుని నిలబడ్డాడు.

"పద్మా, డోర్‌మ్యాట్ ఏది?"

"పెట్టెలో ఉంది."

తనొచ్చి చూశాడు. పట్టీల మధ్య నుంచి పెద్ద పెద్ద ఇంగ్లిషు అక్షరాల్లో 'వెల్‌కం' అని కనబడుతోంది.

"కాళ్లు తుడుసుకునే దాని మీదికి లక్ష్మి వస్తదా?" అన్నాడు. తనది వరంగల్.

"స్వాగతం అని రాసి పెట్టాక రాకుండా ఎట్లా ఉంటుంది?"

"నా మాట విని కొందాం పద్మా. నచ్చకపోతే రిటర్న్ అన్నా చెయ్యొచ్చు."

"నువ్వు నా వైపా, ఆయన వైపా?"

ఈ ప్రశ్నకు పెళ్లయిన మగవాళ్లందరూ ఇచ్చే జవాబే రమేశ్ ఇచ్చాడు. వెళ్లి టీ పెట్టాడు.

పెట్టె పూర్తయ్యాక తెలిసింది, అది మా కారు కంటే కొంచెమే చిన్నదని. వెనక అద్దం నుంచి ముందు అద్దం దాకా ఆనింది. దారి పొడుగునా మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కోపం వచ్చి కాదు, మధ్యలో చెక్క ఉండి.

ఆ కొండల కింద ఒక క్యాంప్‌గ్రౌండ్ ఉంది. దాని యజమాని ఒక ముసలాయన. యంత్రాలు లేకుండా చేత్తో బంగారం వెతుక్కునే వాళ్లను ఏట్లోకి దిగనిస్తాడు. మేం పెట్టెను దించుతుంటే ఆయన కుక్కతో సహా వచ్చి చూశాడు.

"ఈజ్ దట్ ఎ కాఫిన్?" అని మెల్లగా, సానుభూతిగా అడిగాడు.

శవపేటిక కాదని చెప్పి ముందుకు సాగాను. కిశోర్ గారు అప్పటికే తన అల్యూమినియం పెట్టెను నీళ్లలో అమర్చి, దాని అంచుల మీద రాళ్లు పేర్చేశారు. నా పెట్టె చూసి, నవ్వాపుకుని, పెద్దమనసుతో సలహా ఇచ్చారు.

"మీరూ రాళ్లు పెట్టండి పద్మగారూ. చెక్క కదా, తేలుద్ది."

"మోసుకొచ్చిన వాళ్లకు తెలుస్తుందన్నయ్యా దీని బరువు. దీనికి రాళ్లెందుకు?"

నేను చదువుకున్న పుస్తకాలన్నీ ఆ క్షణాన నన్ను చూసి తల దించుకుని ఉంటాయి. దుంగలు ఏనుగంత బరువుంటాయి, అయినా తేలతాయి. ఆ సంగతి బడికి వెళ్లని వాళ్లకు కూడా తెలుసు. నేను బకెట్ ఎత్తేలోపే నా పెట్టె మెల్లగా లేచి, ఒళ్లు విరుచుకుని, పడవలా బయలుదేరింది. బకెట్ వదిలేసి వెంటబడ్డాను. అందుకుని, అమాంతం దాని మీద పడి కావలించుకున్నాను. ఆగుతుందనుకున్నాను. అది నన్ను కూడా ఎక్కించుకుని పోయింది. పట్టీలు గుండెకు గుచ్చుకుంటున్నాయి, గడ్డం 'వెల్‌కం' మీద ఆనింది, కరిగిన మంచునీళ్లు జాకెట్‌లోకి దూరి వీపంతా తడుముతున్నాయి.

"ఈజ్ షీ ఓకే?" అని ముసలాయన అడగడం వినబడింది.

"షీ ఈజ్ ఫైన్. షీ ఈజ్ ఎన్ ఇంజినీర్," అన్నాడు నా మొగుడు.

వంపు దగ్గర ఒక బండరాయి మమ్మల్నిద్దరినీ ఆపింది.

అక్కడితో వదిలేస్తానని అందరూ అనుకున్నారు. పళ్లు టకటకమంటున్నా పెట్టెను అక్కడే, ఆ బండ పక్కనే అమర్చాను. ఈసారి రాళ్లు పెట్టాను. ముందు వాలు ఎక్కువై ఇసుకంతా ఎగిరి అవతల పడింది. తగ్గిస్తే ముందుకు కదలక ముద్దకట్టింది. మళ్లీ సరిచేశాను. నేను పోస్తుంటే రమేశ్ తవ్వి అందించాడు. సాయంత్రానికి ఇద్దరి పెట్టెలూ ఒడ్డుకు చేర్చి, అడుగున మిగిలింది పళ్లేల్లోకి కడిగాం.

కిశోర్ గారి పళ్లెంలో నాలుగైదు పసుపు నలుసులు కనబడ్డాయి. తుమ్మితే ఎగిరిపోయేంత. నా పళ్లెంలో నల్లటి ఇసుక, దాని మధ్యలో మిరియం గింజంత పచ్చటి బంగారం.

కిశోర్ గారు భూతద్దం తీసి, చాలాసేపు చూసి, తల పంకించారు.

"నగ్గెట్. ఒరిజినల్. చూడండి ఎంత రౌండ్‌గా ఉందో. ఏరు కొన్ని వేల ఏళ్లు దొర్లిస్తేగానీ ఈ షేప్ రాదు. ఒప్పుకుంటున్నా పద్మగారూ, మీరే గెలిచారు."

ఆ మాట నాకు సన్నాయిలా వినబడింది. లావణ్య ఫోటోలు తీస్తోంది. రమేశ్ దాన్ని వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకేసి చూశాడు.

"అన్నా, దీనికి పొక్క ఉన్నది."

"ఎయిర్ బబుల్ అయ్యుంటది."

"ఈ పక్క నుంచి ఆ పక్కకు ఉన్నది. ఆకాశం కనబడుతున్నది."

లావణ్య ఫోన్ దించి పళ్లెంలోకి వంగింది. "అక్కా, ఈ నల్లగా ఉన్నదేంటి?"

"బ్లాక్ శాండ్. బంగారం ఉన్నచోట ఉంటుంది."

"బ్లాక్ శాండ్‌కి కూడా బెజ్జం ఉందక్కా."

నా చెయ్యి మెడ మీదికి పోయింది. జాకెట్ లోపల తడి దారం ముక్క తగిలింది. మా పెద్దమ్మ తన చేత్తో గుచ్చి పెళ్లిలో నా మెడలో వేసిన నల్లపూసల దండ అది, మధ్య మధ్య బంగారు గుండ్లతో. పెట్టెను కావలించుకున్నప్పుడు పట్టీకి తగులుకుని తెగినట్టుంది. కిశోర్ గారి ఏరు వేల ఏళ్లు దొర్లించిన నగ్గెట్‌ను నిజానికి మా తెనాలి కంసాలి చేశాడు.

నాకు ఏడుపొచ్చింది. అది మాత్రం వేళాకోళం కాదు. రమేశ్ మళ్లీ పార అందుకుని నీళ్లలోకి దిగాడు. కిశోర్ గారూ ప్యాంటు మడిచి దిగారు. నేను పడిన చోటి నుంచి బండ దాకా ఇసుకంతా తోడి, రెండు పెట్టెల్లోనూ పోశాం. అప్పుడు చూడాలి. గుండ్రటి గుండ్లు అల్యూమినియం పెట్టె నున్నటి పట్టీల మీద గోళీల్లా దొర్లుకుంటూ బయటికి పోయాయి. వాటిని దోసిళ్లతో తెచ్చి నా పెట్టెలో పోస్తే, మా గుమ్మం ముందరి పట్టా ఒక్కొక్కదాన్నీ పట్టుకుని ఆపింది. పొద్దు వాలేసరికి ఒక్కటి తప్ప గుండ్లన్నీ దొరికాయి.

"సొంత బంగారం లెక్కలోకి రాదు," అన్నారు కిశోర్ గారు, చలికి వణుకుతూనే.

"దేంట్లో ఎక్కువ పడితే అన్నామన్నయ్యా. ఎవరి బంగారమనేది ఎవరూ అనలేదు."

తీర్పు చెప్పమని ముసలాయన్ను అడిగాం. ఆయన నా అరచేతిలోకి చూసి, పెట్టెకేసి చూసి, "గోల్డ్ ఈజ్ గోల్డ్" అని కుక్కను పిలుచుకుని వెళ్లిపోయాడు.

కిశోర్ గారు మాట మీద నిలబడ్డారు. ఏడాది పాటు మాకు ఒక్క క్లాసు చెప్పలేదు, అన్నీ లావణ్యకే చెప్పారు. ఆవిడ ఇప్పటికీ నాతో ముక్తసరిగానే మాట్లాడుతుంది.

నా పెట్టె బంగారం పట్టలేదని ఎవరైనా అంటే రుజువు నా మెడలోనే ఉంది. దొరకని గుండు సంగతంటారా, ఎప్పుడో ఎవరి పళ్లెంలోనో తేలి, ఆ ఏటికి మళ్లీ జనాన్ని రప్పిస్తే ఆ పాపం నాదే.

ఇక నా ప్రతిజ్ఞ. పంచభూతాల సాక్షిగా, ముఖ్యంగా ఆ మంచునీళ్ల సాక్షిగా చెబుతున్నాను. మెడలో నల్లపూసలు వేసుకుని ఇక జన్మలో బంగారం వేటకు ఏట్లోకి దిగను. చెవి దిద్దులు మాత్రం తియ్యను. గరాజ్‌లో కొత్త పెట్టె సగం పూర్తయింది, దాన్ని టెస్ట్ చెయ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా.